నున్నటి ట్రక్కు

పికప్ ట్రక్కు తొట్టిలో లైనర్ పూత కొట్టడానికి గ్రేడీ స్ప్రే గన్ ఎత్తగానే నెల్డా తమ్ముడి మణికట్టు మీద రెంచీతో ఒక్కటిచ్చింది. గన్ ఎగిరి షెడ్డు గోడకి తగిలింది.

“పిచ్చెక్కిందా అక్కా!”

“పెయింటే వేస్తానన్నానా లేదా?”

గ్రేడీ ఆమె జుట్టు పట్టుకుని ట్రక్కుకేసి అదిమాడు. ఆమె మోకాలితో పొట్టలో పొడిచింది. ఇద్దరూ సిమెంటు నేల మీద పడి దొర్లారు. గ్రేడీ పెదవి చిట్లింది.

“లైనరయితే రబ్బరులా గరుకుగా ఉంటుంది, సరుకు కదలదు. పెయింటు మీద అన్నీ జారతాయి. లబక్‌లో ఎవణ్ణడిగినా చెబుతాడు!” అన్నాడు రొప్పుతూ.

“జారాలనే వేస్తున్నా.”

“మలుపు మలుపుకీ శవపెట్టె కొట్టుకుంటుంది. రేపు ఊరంతా వెనకే వస్తుంది. తన ట్రక్కులోనే సాగనంపమని అడిగిపోయాడు నాన్న. ఇలాగేనా ఆయన్ని సమాధికి తీసుకెళ్లేది?”

నెల్డా రెంచీ వదిలేసింది. తమ్ముడి గడ్డం కింద పాత కుట్ల మచ్చ మీద వేలు పెట్టింది.

“తాగినప్పుడల్లా మనిద్దరినీ ఈ తొట్టిలో పడేసి గతుకుల్లో తోలేవాడు. మనం జారి ఇనుముకి కొట్టుకుంటుంటే అద్దంలో చూసి నవ్వేవాడు. అప్పుడు మనకి పట్టుకోడానికేముందిరా?”

గ్రేడీ లేచి లైనర్ డబ్బాకి మూత బిగించాడు. పెట్టెని కట్టడానికి తెచ్చిన బెల్టులు తీసి చెత్తడబ్బాలో పడేశాడు.

“బ్రష్షు ఇటివ్వు,” అన్నాడు. “రేపు బండి నేను తోలతాను.”