మేడమీది ఫోల్డర్

"మేడం, మా ఆయన ఫొటో వచ్చిందా?"

కిటికీ ఊచలు పట్టుకుని జమ్ములమ్మ మళ్ళీ అడిగింది. నిన్నటి నుంచి ఆమె ఆ కిటికీ వదల్లేదు.

"వచ్చే ఉంటదమ్మా. మేడ మీది కంప్యూటర్ల ఉంటది. కింద కనిపిస్తలేదు," అంది సింధూజ.

అది 2009 అక్టోబరు. తుంగభద్ర పొంగి మానవపాడు వైపు ఊళ్ళను ముంచేసింది. పడవ దొరికినవాళ్ళు ఒక దిక్కు, లారీ దొరికినవాళ్ళు ఇంకో దిక్కు పోయారు. ఒకే ఇంటివాళ్ళు వేర్వేరు శిబిరాల్లో పడ్డారు. గద్వాలలోని ఆ బడి కూడా ఒక శిబిరమే. సింధూజ అక్కడ కంప్యూటర్ టీచరు.

ప్రతి శిబిరంలోనూ మనుషుల ఫొటోలు తీసి ఆ బడికి మెయిల్ చేస్తున్నారు. అవి మేడమీది లినక్స్ కంప్యూటర్లో చేరుతున్నాయి. వెతుక్కునేవాళ్ళకు చూపించడానికి కింద పెట్టింది విండోస్. రెండింటికీ మధ్య కేబుల్ ఉంది. ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడితే తప్పంటుంది. మళ్ళీ అడుగుతుంది.

మేడ మీద బాలింతలు, ముసలివాళ్ళు పడుకుని ఉన్నారు. జనాన్ని అక్కడికి పంపే వీల్లేదు. పొద్దున పెన్‌డ్రైవ్ పట్టుకుని తనే ఎక్కి దిగింది. వెంట పడ్డ జనం తోపులాటలో కింది కంప్యూటర్ గది తలుపు గడియ ఊడిపోయింది. అప్పటి నుంచి తలుపుకు బెంచీ అడ్డం పెట్టుకుని లోపలే కూర్చుంది. పైకి పోలేదు, బయటికి రాలేదు. ఊచల నిండా ముఖాలే. గాలి కూడా ఆడటం లేదు.

"జర నేను చూడనా మేడం?"

జనం వెనక నుంచి ఒకతను అన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మాసిన చొక్కా, మోకాళ్ళ దాకా ఎండిన బురద.

"లైన్ల రండి. అందరు చూసేటోళ్ళే."

"ఫొటో కాదు మేడం, మేడ మీది కంప్యూటర్. దాని పాస్‌వర్డ్ ఇస్తే చూస్త. కింద కొట్టినా తీసుకుంటలేదు గద?"

సింధూజ తలెత్తింది.

"మీకెట్ల తెల్సు?"

"నిన్న నేను గూడ గీ లైన్లనే నిలబడ్డ. పేరు ఉవైస్. మానవపాడుల నెట్ సెంటర్ ఉండె."

"ఉండె అంటే?"

"ఇప్పుడు నీళ్ళున్నయి."

ఎవరో ఏమిటో తెలియని మనిషి. బడి కంప్యూటర్ పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. ఉన్న ఫొటోలు కూడా పోతే ఈ జనానికి ఏం చెప్పాలి?

"వద్దన్నా. ఇంజనీర్ వస్తుండు."

"కర్నూలు రోడ్డు తెగింది మేడం. ఎవ్వరు రారు."

జమ్ములమ్మ ఊచల మీద తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. సింధూజ ఒక కాగితం ముక్క మీద పాస్‌వర్డ్ రాసి కిటికీలోంచి అందించింది.

అతను వెనక మెట్ల మీదుగా పైకి పోయాడు.

కాసేపటికి తెర మీద మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. ఆ వెంటనే పైనుంచి కేక వినిపించింది.

"ఇప్పుడు కొట్టుండ్రి!"

కొట్టింది. ఫోల్డర్ తెరుచుకుంది. తెర నిండా ముఖాలు.

అతను దిగి వస్తే సింధూజ బెంచీ జరిపి లోపలికి రానిచ్చింది.

"ఏం చేసిన్రు?"

"లినక్స్‌ల సాంబా అని ఉంటది మేడం. విండోస్ అడిగితే ఫోల్డర్ చూపిచ్చేది గదే. మీరు పెట్టిన పాస్‌వర్డ్ లినక్స్‌కు తెల్సు, సాంబాకు తెల్వదు. దానికి గూడ గదే పాస్‌వర్డ్ పెట్టిన."

అని కుర్చీ లాక్కుని ఫొటోలు తిప్పడం మొదలుపెట్టాడు.

"ఆగు, ఆగు!" జమ్ములమ్మ అరిచింది. "గాయనే! మా కురుమూర్తే! యాడున్నడు సారూ?"

"వడ్డేపల్లి శిబిరంలున్నడమ్మా, ఫొటో కింద రాసిన్రు. తలకు కట్టుంది గని, మంచిగనే కూసున్నడు."

జమ్ములమ్మ ఊచల్లోంచి చెయ్యి చాచి అతని భుజం నిమిరింది. కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తింది.

ఆ తర్వాత ఒక తల్లి. ఒక అన్న. ఇద్దరు చెల్లెళ్ళు. జనం తోసుకోవడం మానేశారు. సింధూజకు మొదటిసారి ఊపిరాడినట్టయింది.

మధ్యాహ్నం దాటాక ఉవైస్ లేచాడు.

"ఇగ నేను పోత మేడం."

ఈయన పోతే? ఫోల్డర్ మళ్ళీ మూసుకుపోతే? సింధూజ తలుపుకు అడ్డంగా జరిగింది.

"అయ్యో, గిప్పుడే పోతే ఎట్లన్నా? మీ ఇంటోళ్ళు దొరికిన్రా?"

"నా భార్య. పొద్దున దొరికింది."

"మరి ఇంకేంది? మీరు అదృష్టవంతులు. జర కూసోండి."

"ఆమె కాడ ఎవ్వరు లేరు మేడం."

"దొరికింది గద, యాడికి పోదు. గీళ్ళను చూడండి, ఇంకెంత మందున్నరో."

అతను కిటికీ వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఫొటోలు తిప్పాడు.

పొద్దు వాలుతుండగా గేటు ముందు ఒక బండి ఆగింది. దాని డ్రైవర్ నాగప్ప దిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఉవైస్‌కు తల ఊపాడు. ఉవైస్ లేచి, బెంచీ జరుపుకుని, వెనక్కి చూడకుండా పోయి బండి వెనక ఎక్కాడు.

చెప్పనైనా చెప్పకుండా పోతాడా! సింధూజ వెంట పరుగెత్తి డ్రైవర్‌ను ఆపింది.

"జర ఆగమను అన్నా. ఇంకొక్క గంట ఉంటే అందరివి అయిపోతయి."

"ఆగనీకె లేదమ్మా," అన్నాడు నాగప్ప, గొంతు తగ్గించి. "పొద్దున దవాఖానల శవాలల్ల భార్యను గుర్తుపట్టిండు, ఊరంత నీళ్ళల్ల ఉందని జాగ దొరికెదాంక గీ బడికాడ ఉంట అన్నడు, ఆమెకు మట్టియ్యనీకె ఇప్పుడే జాగ దొరికింది."