లిల్లీ మొక్క, ముసలి పిల్లి

కిటికీలు మూసేసి పదకొండేళ్ళయింది. ఊళ్ళో ప్రతి ఇల్లూ మొక్కలిచ్చే గాలితోనే బతుకుతోంది. గవరయ్య ఇంట్లో పాత మొక్క ఎండిపోయింది. భార్య చిట్టెమ్మకు ఆయాసం ఎక్కువైంది.

కొత్త మొక్క తెచ్చిన మనిషి గడప దగ్గరే ఆగిపోయాడు. ఆ ఇంటి ముసలి పిల్లి అతనికి ఎదురొచ్చింది. అపశకునం పోవాలని మెట్టు మీద కాసేపు కూర్చుని, గవరయ్య ఇచ్చిన నీళ్ళు తాగాడు.

"నా శకునం సరే తాతా, దీనికి నేనే యముణ్ణి. ఇప్పుడొచ్చేవన్నీ లిల్లీలే. ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా పిల్లి రెండ్రోజుల్లో పోతాది. బయటికి ఒగ్గేయి."

"బయట గాలికి కాకులే రాలిపోతన్నాయి."

"మరేటి, మొక్క పెట్టొద్దా?"

లోపల చిట్టెమ్మ దగ్గుతోంది. ఆ దగ్గు ఆగేదాకా గవరయ్య విన్నాడు.

"పెట్టు," అన్నాడు.

మొక్క లోపలికి వెళ్ళింది. గవరయ్య చాప చంకన పెట్టుకుని మెట్ల మీదికి వచ్చాడు. పిల్లి వెనకే వచ్చింది. చుట్టూ గోడ కట్టి మూసేసిన ఆ మెట్ల మీద ఉండేది ఇంటి తలుపు సందుల్లోంచి వచ్చే కొంచెం గాలే.

"ఎన్నాళ్ళుంటావు తాతా ఇక్కడ?"

"దానికి పదమూడేళ్ళు. ఇంకెన్నాళ్ళులే."

తలుపు వేసుకోబోతూ చిట్టెమ్మ ఒక దుప్పటి బయటికి విసిరింది.

"నీకు కాదు, దానికి," అంది.