మలుపులో పొత్రం

లారీ బంపరు సుబ్బరామయ్య పంచెకి జానెడు దూరంలో ఆగింది. ఆయన తల కూడా తిప్పలేదు. పాలప్యాకెట్టు పట్టుకుని తాపీగా వీధి దాటి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

శకుంతల గేటు తెరుచుకుని వచ్చి లారీకి అడ్డంగా నిలబడింది.

"ఏంటయ్యా ఇది? మా మామగారికి చెవులు వినపడవు. ఏదన్నా అయితే ఎవరిది పూచీ?"

"తెలుసమ్మా, రోజూ చూస్తున్నా గదా. ఆయన కోసమే ఈ మలుపులో ఫస్టు గేరు దాటను," అన్నాడు డ్రైవరు.

"అసలీ వీధిలోకి ఎందుకు రావాలి?"

"రేపల్లె రోడ్డు తవ్వేశారండి. తెనాలి దాటాలంటే ఈ సందే దిక్కు. ఇసుక నెత్తిన పెట్టుకుని పోమంటారా?"

లారీ కదిలింది. ఆ అదురుకి వంటింటి గూట్లో గిన్నెలు గలగలమన్నాయి.

"మున్సిపాలిటీకి ఇంకోసారి వెళ్దామా అక్కా?" అంది పక్కింటి నిర్మల.

"వెళ్ళింది చాలు. మీ పెరట్లో రుబ్బురోలు పొత్రం పడుందే, అదివ్వు."

"గ్రైండరు కొన్నాక దాంతో ఏం పని?"

"నాకుంది పని."

మర్నాడు పొద్దున్నే మలుపులో, సరిగ్గా రోడ్డు మధ్యన, పొత్రం నిలబడి ఉంది. ఒళ్ళంతా పసుపు, పైన కుంకుమ బొట్లు, చుట్టూ వేపమండలు.

"తప్పు కాదా అక్కా?" నిర్మల గొంతు తగ్గించింది.

"మామగారు లారీ కింద పడితే తప్పు కాదా?"

మొదటి లారీ వచ్చింది, ఆగింది. డ్రైవరు చెప్పులు విడిచి దిగి, దణ్ణం పెట్టుకుని, పెద్దరోడ్డు దాకా వెనక్కే నడుపుకుంటూ పోయాడు. ఆ రోజు ఇంకో లారీ రాలేదు. మామగారు పాలకి వెళ్తుంటే శకుంతల గేటు దగ్గర కాపలా ఉండకుండా కూర తరుక్కుంది.

రెండు రోజులు గడిచాయి. కూరగాయలు కొనుక్కుని వస్తూ శకుంతల మలుపులో ఆగిపోయింది. రోడ్డు మధ్యన పొత్రం లేదు. పక్కనున్న వేపచెట్టు కింద ఇటికల గట్టు మీద ఉంది. ఎర్రగుడ్డ, నిమ్మకాయల దండ. వీధి పొడవునా లారీలు. ఆనాడు ఫస్టు గేరు దాటనన్న డ్రైవరే కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మవారు నడిరోడ్డు మీద ఎండలో ఉంటే ఏం బావుంటదమ్మా? అందరం కలిసి గట్టు కట్టుకున్నాం. చీరాల, బాపట్ల బళ్ళు కూడా ఇక ఈ దారినే."

అది నిర్మల వాళ్ళ పొత్రం అని చెప్పబోయింది. చేతులు జోడించి నిలబడ్డ అంతమందిని చూసి, కొబ్బరిచిప్పని కూరగాయల సంచిలో వేసుకుంది.

అవతల పాలకొట్లోంచి సుబ్బరామయ్య బయటికొస్తున్నాడు. డ్రైవరు అప్పటికే లారీ ఎక్కి స్టార్టు చేశాడు.

"బాబూ, మామగారు వస్తున్నారు. మెల్లగా పోనివ్వు."

అతను నుదుటి మీద కుంకుమ సరిచేసుకుని, గేరు మార్చి నవ్వాడు.

"ఇంకా భయమెందుకమ్మా? ఇన్నాళ్ళూ పెద్దాయన్ని నేను చూసుకున్నా. ఇక అమ్మవారే చూసుకుంటది."