పదకొండు వందల కిలోమీటర్లు

"పింకీ! ఒప్పుకున్నారు. కారు మనకేనంట!"

ప్రేమ్ కుమార్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. పింకీ అట్లకాడతో సహా రెండు చేతులూ పైకెత్తి గెంతింది. పెనం మీద అట్టు మాడిపోయింది. ఆ మాడిన అట్టునే చెరిసగం తిని, ఇద్దరూ మోటారు సైకిలు మీద అమలాపురం నుంచి అంబాజీపేట బయలుదేరారు. ఆరేళ్ళు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి ప్రేమ్ కుమార్ దాచుకున్నదంతా ఆ ఒక్క కారుకే.

వెనక ఇంకో మోటారు సైకిలు మీద స్నేహితులిద్దరు వచ్చారు. జనార్దన్‌కి కార్ల వీడియోలు చూడనిదే ముద్ద దిగదు. యాకోబు మెకానిక్.

కొబ్బరి కొట్టు వెనక షెడ్డులో ఉంది ఎర్ర కారు. రెండే సీట్లు, వెనక్కి మడుచుకునే టాపు. నేలకి జానెడు ఎత్తు కూడా లేదు. పక్కన లారీ, లారీకి ఆనించి రెండు పొడవాటి పలకలు. అరుగు మీద ఒక ముసలాయన గుడ్డసంచిలో క్లారినెట్ పెట్టుకుని కూర్చున్నాడు.

"మా మేళంలో ముసలయ్యండి," అన్నారు కారు యజమాని వీరవెంకటరమణ. కొబ్బరి వ్యాపారంతో పాటు ఆయనకి పెళ్ళిళ్ళ బ్యాండు మేళం కూడా ఉంది. "రేపు రాజోలు పెళ్ళి. నాలుగింటికల్లా వచ్చేయ్ ముసలయ్యా."

"ఆయ్," అన్నాడు ముసలయ్య. కానీ లేవలేదు.

జనార్దన్ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఒరేయ్ ప్రేమూ, తర్వాత నన్ననకు. ఈ కంపెనీ స్పోర్ట్స్ కార్లలో ఇదే కింది మెట్టు. నాలుగు సిలిండర్లే. పెద్దది కొనలేనోళ్ళు పేరు కోసం కొనేది ఇదే."

"నువ్వు నడిపేవేంటి?" బానెట్ ఎత్తుతూ అడిగాడు యాకోబు.

"నడపక్కర్లేదు. రెండొందల వీడియోలు చూసేను."

"వీడియోలో స్టీరింగు చేతికి తగల్దురా. పెద్ద ఇంజిను బండికి ముక్కు బరువు. ఇది తేలిక. మలుపులో మనం అనుకునేసరికే తిరిగిపోద్ది. పైగా గేర్లు చేత్తో వేసుకునేది."

"మన గట్ల మీద ఎక్కడ తిప్పుతాడు? ప్రతి స్పీడు బ్రేకరుకీ పొట్ట గీరుకుంటాది."

"గీరుకుంటే నేనున్నాను. ఇలాంటి బండి పరుగుకి చెడదు. ఫస్టు గేర్లో నత్తలా పాకిస్తేనే చెడుద్ది. క్లచ్చి మాడిపోద్ది, ఇంజిను ఉడికిపోద్ది. దాన్ని బాగుచెయ్యడం నా వల్ల కూడా కాదు."

జనార్దన్ మీటరు చూపించాడు. పదకొండు వందల కిలోమీటర్లు. "నాలుగేళ్ళకి ఇంతే. ఇంకేం మాడుద్దిరా? కొత్త పెళ్ళికూతురిది!"

పింకీ ఫక్కున నవ్వింది.

"నాకు తోలే తీరికేదండి?" అన్నారు రమణగారు. "ఎండ పొడ తగలకుండా దాచేను."

ప్రేమ్ కుమార్ పింకీని పక్కన కూర్చోబెట్టుకుని కారు తీశాడు. కదిలేటప్పుడు కారు ఒక్కసారి వణికింది. సన్నగా మాడు వాసన వచ్చింది.

"మన అట్టు వాసన ఇంకా పోలేదండీ," అంది పింకీ.

కాలవ గట్టు మలుపు దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. దిగబోతూ ఆమె సీటు సందులో వేలు పెట్టి నాలుగు పసుపు బియ్యపు గింజలు పైకి తీసింది.

"అవా? కొన్నప్పుడు అయినవిల్లిలో పూజ చేయించేనమ్మా," అన్నారు రమణగారు.

యాకోబు ముఖం చిట్లించాడు. "క్లచ్చి ఒకసారి విప్పి చూస్తానండి."

"కొనుక్కున్నాక విప్పుకోండి. కాకినాడ వాళ్ళు సాయంత్రం వస్తున్నారు. మీరు కాదంటే వాళ్ళకిచ్చేస్తాను."

ప్రేమ్ కుమార్ పింకీ వైపు చూశాడు. ఆమె తలూపింది. "రాసేసుకుందామండి," అన్నాడు అతను. రమణగారు కాగితాల కోసం లోపలికి వెళ్ళారు.

పింకీ సంచిలోంచి పూతరేకుల డబ్బా తీసి, మొదటిది ముసలయ్య చేతిలో పెట్టింది. "తాతగారూ, వీళ్ళంతా ఇన్ని చెప్పేరు కదా. మీరూ చెప్పండి. మా కారు ఎలా ఉంది?"

"ఆయన్నడుగుతావేంటి చెల్లెమ్మా!" అన్నాడు జనార్దన్.

ముసలయ్య కారు వైపు చూడలేదు. "చాలా నెమ్మదైన బండమ్మా."

షెడ్డంతా నవ్వులే. "స్పోర్ట్స్ కారు తాతా! గంటకి రెండొందల యాభై వెళ్తాది!" అన్నాడు జనార్దన్.

"ఆయ్. నేనెప్పుడూ చూళ్ళేదండి మరి."

రమణగారు కాగితం, పెన్నూ పట్టుకుని బయటికి వచ్చారు. ప్రేమ్ కుమార్ పెన్ను మూత తీశాడు.

"పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా?" అడిగాడు ముసలయ్య.

"నలభై రోజులండి."

ముసలయ్య పూతరేకు కండువా కొంగులో జాగ్రత్తగా మూట కట్టుకున్నాడు. క్లారినెట్ సంచి భుజాన వేసుకుని లేచాడు.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ."

"ముసలయ్యా!" అన్నారు రమణగారు.

ముసలయ్య లారీ పక్కనున్న పలకల మీద చెయ్యి వేశాడు.

"దూరం ఊళ్ళకి దీన్ని ఈ లారీ మీదే ఎక్కించి పట్టుకెళ్తారండి. పెళ్ళివారి వీధిలోనే కిందకి దింపుతారు." ప్రేమ్ కుమార్ వైపు తిరిగాడు. "ఆ పదకొండు వందల కిలోమీటర్లూ దీని ముందు క్లారినెట్ వాయించుకుంటా నేను కాలినడకన నడిచినవేనండి బాబూ, రేపు రాజోలు ఊరేగింపుకి మాత్రం వేరేవాణ్ణి చూసుకోండి రమణగారూ."