ఆషాఢం వంతు

మా టవర్లో గేటు దాటాలంటే, నడిచి వెళ్లడానికైనా, రోడ్డు వంతు రావాలి. నలభై రోజులకోసారి వస్తుంది. కొత్త పెళ్లికూతుర్ని కదా, ఆషాఢానికి పుట్టింటికి వెళ్లాలి. సరిగ్గా మొదటి రోజే వంతు వచ్చింది. సుధాంశుని వదల్లేక రద్దు చేసేశాను.

"రోడ్డు దొరకలేదమ్మా" అని ఫోన్లో అబద్ధమాడాను.

"గోరింటాకు రుబ్బి ఉంచానే! సరే, శ్రావణంలో రా" అంది అమ్మ.

నెలంతా ఇద్దరం ఒకే కప్పులో టీ తాగాం. ఎంత బాగుందో!

శ్రావణంలో పక్కనే కొత్త టవర్లు తెరిచారు. నాలుగు వేల కుటుంబాలు దిగాయి. రోడ్డు మాత్రం అదే. నా వంతు మళ్లీ ఆషాఢానికి జరిగిపోయింది.

"అదుగో, అత్తయ్య!" అన్నాడు సుధాంశు.

రోడ్డుకు అవతల, ఎదుటి టవర్ బాల్కనీలో అమ్మ చెయ్యి ఊపుతోంది. ఫోన్ చేసి ఏడ్చాను.

"ఊరుకో, పిచ్చిదానా! నువ్వేం చేస్తావ్, రోడ్డు లేకపోతే?" అంది.