తీపి లేని కండ

పుల్ల నోటిదాకా వెళ్లిన గ్లాసును ఎవరో లాగేసుకున్నారు.

తలెత్తి చూస్తే బండక్క.

"దీంట్లో చక్కెర ఎంతుందో తెలుసా అమ్మాయ్?"

"నా గ్లాసు నాకివ్వండి!"

బండక్క ఇవ్వలేదు. వాసన చూసి, మొహం చిట్లించి, తీసుకెళ్లి సింకులో ఒంపేసింది.

జిమ్ము జిమ్మంతా అటే చూసింది. పుల్లకు తల కొట్టేసినట్టయింది.

పుల్ల అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, జిమ్ము పెట్టింది. ఫైర్ స్టేషన్‌లో ఆడవాళ్లకు ఒకే ఒక్క ఉద్యోగం పడింది. పుల్ల రాతపరీక్ష ఎలాగో గట్టెక్కింది. ఇక మిగిలింది ఒంటి పరీక్ష. మనిషంత బరువున్న బొమ్మను భుజాన వేసుకుని మెట్లెక్కాలి. అంతకన్నా ముందు తూకంలో నెగ్గాలి. ఆ తూకానికి ఇంకా రెండు కిలోలు తక్కువ.

కండ పట్టాలంటే తినాలి. తిందామంటే డాక్టరమ్మ అడ్డం.

"కడుపులో ఈస్ట్ పెరిగిపోయింది. నేను చెప్పేదాకా చక్కెర, బ్రెడ్డు, పళ్లరసాలు ముట్టుకోకు" అందామె. ఆ మాట దాటి తీపి తిన్నప్పుడల్లా పుల్లకు పొట్ట డోలయ్యేది, కళ్లు తిరిగేవి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నా ప్రొటీన్ షేకు తాగు. తూకం సంగతి నేను చూసుకుంటా" అన్నాడు జిమ్ము కోచ్. "ఉద్యోగం కావాలా, పథ్యం కావాలా? తేల్చుకో."

తేల్చుకుని గ్లాసెత్తిందో లేదో, ఈవిడ!

"అసలు నా గొడవ మీకెందుకండీ?"

"నేనూ ఇలాంటివి తాగి పడ్డదాన్నే" అంది బండక్క. "గుడ్లు తిను, చేపలు తిను, ఆకుకూరలు తిను. ఎత్తే బరువు కొంచెం కొంచెంగా పెంచు. ఆలస్యమైనా నిలబడే కండ వస్తుంది. దీంతో వచ్చేది ఉత్త ఉబ్బే."

"ఆ తిండితోనేనా మీ ఒళ్లు ఇలా తయారైంది?"

అందరూ గొల్లున నవ్వారు. బండక్క ఖాళీ గ్లాసును సింకు పక్కన బోర్లించింది.

బండక్క అన్నదీ జిమ్ము పెట్టిన పేరే, ఆమె ఈమధ్యే చేరింది. పొద్దున్నే వచ్చి, వెనక మెట్లు ఎక్కుతూ దిగుతూ చెమటోడ్చి వెళ్లిపోయేది. ఒళ్లు కరిగించుకోవడానికి వస్తోందని అంతా తీర్మానించేశారు. ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పైగా పుల్ల బరువెత్తినప్పుడల్లా వెనకొచ్చి నిలబడేది. "నడుముతో లేపకు, మోకాళ్లతో లే" అని ఒకటే నస. అడగకపోయినా సలహాలకు లోటు లేదని పుల్ల లోలోపల తిట్టుకునేది.

ఇవాళ ఓపిక నశించింది.

"ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి సార్."

కోచ్‌కు కావలసిందీ అదే. షేకులు అమ్ముకునేవాడికి బండక్క ఎప్పటినుంచో కంట్లో నలుసు.

"రేపట్నుంచి మీరు రావద్దండి" అన్నాడు.

బండక్క మొహం పాలిపోయింది.

"ఈ కొద్ది రోజులూ రానివ్వండి సార్. ఇక్కడ కాకపోతే నాకింకెక్కడా కుదరదు."

"ఒకసారి చెప్పాను కదా."

బండక్క పుల్ల వైపు చూసింది. ఒక్క మాట సాయం చేస్తుందనుకుందేమో. పుల్ల మొహం తిప్పేసుకుంది.

పీడ విరగడైందనుకుని మర్నాటి నుంచి షేకు మీద షేకు తాగింది. తూకం ముల్లు నిజంగానే జరిగింది. దాంతోపాటు పొట్టా ఉబ్బింది. ఒకరోజు బరువు ఎత్తబోతూ కళ్లు బైర్లు కమ్మి, ఉన్నచోటే కూలబడిపోయింది. తేరుకునేసరికి ఎవరో మొహాన నీళ్లు చల్లుతున్నారు. కోచ్ మాత్రం పక్కనున్న అద్దం పగల్లేదు కదా అని చూసుకుంటున్నాడు.

భయమేసింది. పరీక్ష మెట్ల మీద ఇలా జరిగితే?

షేకు డబ్బా చెత్తబుట్టలో పడింది. గుడ్లు, చేపలు, ఆకుకూరలు పళ్లెంలోకి వచ్చాయి. ఎవరూ నస పెట్టకపోయినా మోకాళ్లతోనే లేవడం అలవాటైంది. పొట్ట తగ్గింది. భుజాలు గట్టిపడ్డాయి. ఈసారి తూకం నిదానంగా పెరిగింది, పెరిగింది పెరిగినట్టే నిలిచింది.

సిగ్గు చంపుకుని కోచ్‌ను అడిగింది.

"సార్, ఆ అక్క ఎక్కడుంటుంది?"

"ఎవరికి తెలుసు?"

పరీక్ష రోజు రానే వచ్చింది. వేర్వేరు జట్లుగా పిలిచారు. తూకంలో కొందరు పోయారు. పరుగులో కొందరు పోయారు. చివరికి ఇద్దరే మిగిలారు.

ఇద్దరికీ హెల్మెట్లు, మొహాలకు పొగ మాస్కులు, ఒంటికి దళసరి కోట్లు. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. చెరో బొమ్మ, చెరో మెట్ల వరస.

ఈల మోగింది.

పుల్ల మోకాళ్లు వంచి బొమ్మను లేపింది. పక్క వరసలోని మనిషి అప్పటికే నాలుగు మెట్లు పైనుంది. రెండో అంతస్తు దాకా అంతే దూరం. ఇక ఉద్యోగం పోయినట్టేననుకుంది పుల్ల.

చివరి మలుపులో పక్క మనిషి తడబడింది. అయినా బొమ్మను కింద పడనివ్వలేదు, గోడకు ఆనుకుని పట్టుకుంది. ఆ కాస్త వ్యవధిలో పుల్ల మెట్ల పైనున్న గీత దాటేసింది.

"ఉద్యోగం నీదేనమ్మా!" అన్నాడు ఆఫీసరు.

పుల్ల మాస్కు పీకేసి వలవలా ఏడ్చేసింది.

ఆఫీసరు పక్క వరసలోని మనిషిని చూపించాడు. "పాపం, నిరుడు ఇదే మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. ఈసారి రాయిలా తయారైంది. తీరా చివరి రోజుల్లో సాధన చేసుకోవడానికి చోటు లేకుండా పోయిందట. వయసు దాటిపోతుంది, వచ్చే ఏడు రాసే వీలు కూడా లేదు. వెళ్లి ఓ మంచిమాట చెప్పమ్మా."

పుల్ల కళ్లు తుడుచుకుంటూ చేయి చాపింది.

ఆ చేతిని రెండు చేతులా పట్టుకునే ముందు హెల్మెట్టూ మాస్కూ తీసి పక్కన పెట్టింది బండక్క.