తలదిక్కు ఆరు ఇంచులు

"మంచం తలదిక్కు ఆరు ఇంచులు లేవాలె తమ్మీ. తక్కువ కావద్దు, ఎక్కువ కావద్దు."

భూమేశ్ రంపం ఆపి తలెత్తాడు. దుకాణం ముందు అరవై దాటిన మనిషి నిలబడి ఉన్నాడు. మాసిన గడ్డం, నలిగిన అంగీ. పేరు రాజనర్సు అనీ, వీర్నపల్లి నుంచి పొద్దున మొదటి ఆటోకే సిరిసిల్ల వచ్చాననీ చెప్పాడు.

"ఎవరికి కాకా?"

"మా ఇంటామెకు. పండుకుంటె సాలు, కడుపుల పులుపు గొంతులకు ఎక్కి వస్తుండె. గుండెల మంట. రాత్రంత దగ్గు."

"రెండు మెత్తలు ఎక్కువ పెడితె అయిపోదా?"

"మెత్తలు పెడితె మెడ ఒక్కటే లేస్తదట. కడుపు ముడుసుకొని మంట ఇంక ఎక్కువైతదట. మంచమే వాలుగ ఉండాలన్నడు డాక్టరు. ఎడమ దిక్కు ఒరిగి పండుకోవాలె. కుడి దిక్కైతె పులుపు పైకొస్తదట."

భూమేశ్ దుకాణంలో తయారుగా ఉన్న వేపకర్ర మంచాన్ని ముందుకు లాగాడు.

"వాలు పెడితె మనిషి కిందికి జారుతది. కాళ్లకాడ అడ్డపట్టె కొడత. ఎడమకు ఒరిగితె మొకం ఎటు రావాలె? గోడ దిక్కా, వాకిలి దిక్కా?"

రాజనర్సు చాలాసేపు ఆలోచించాడు. ఇంత చిన్న ప్రశ్నకు అంత ఆలోచన ఎందుకో భూమేశ్‌కు అర్థం కాలేదు.

"వాకిలి దిక్కే. గోడను సూసి సూసి యాష్టకొచ్చింది ఆమెకు."

"చిన్నమ్మను ఒకసారి తీసుకరా. పొడుగు కొలుసుకుంట."

"ఆమె రాదు తమ్మీ." చేత్తో తన భుజం చూపించాడు. "గింత పొడుగు."

ఇంతలో ఫోన్ మోగింది. చెవులు సరిగా వినపడవేమో, రాజనర్సు స్పీకర్ పెట్టాడు. అవతల కొడుకు రంజిత్.

"నాయినా, చెక్క మంచం చేపిస్తున్నవా? ఇనుప మడత మంచం ఒకటి కొనుక్కరమ్మన్న గద! పేరుకు ఒక మంచం ఉంటె సాలు. ఎట్లుందని ఎవరు సూస్తరు?"

"నేను సూస్త" అని రాజనర్సు ఫోన్ పెట్టేశాడు.

కన్నతల్లి గురించి ఇట్లా మాట్లాడే కొడుకులు కూడా ఉంటారా అనుకున్నాడు భూమేశ్. ఆ ముసలాయన మీద జాలేసింది.

"ఎప్పటికి కావాలె కాకా?"

"రేపు పొద్దుగాల. రేపు తప్పితె లాభం లేదు."

చేతిలో ఉన్న పని పక్కన పెట్టి భూమేశ్ ఆ మంచం తలవైపు కోళ్లు ఊడదీశాడు. రాజనర్సు కదలలేదు. చెక్కపొట్టులోనే చతికిలబడి, తనే చెప్పసాగాడు.

"డాక్టరు చెప్పి ఏడాదాయె. తలదిక్కు కోళ్ల కింద ఇటుకలు పెట్టుమన్నడు. గంతే పని. బాత్‌రూం కట్టంగ మిగిలిన ఇటుకలు వాకిట్లనే ఉన్నయి. ఇయ్యాల పెడత, రేపు పెడత అన్న. ఆమె గోడకు ఒరిగి కూసునే కునుకు తీసేది. దగ్గు వస్తె నేను కసిరేటోన్ని, నన్నన్న పండుకోనియ్యి అని. ఇగ నాకు నిద్ర చెడుతదని కొంగు నోట్లె కుక్కుకొని దగ్గేది."

భూమేశ్ ఉలి ఆపాడు.

"ఇప్పటికన్న చేపిస్తున్నవ్ గద కాకా. రేపటి సంది కాళ్లు సాపుకొని మంచిగ పండుకుంటది."

"పండుకుంటదంటవా?"

"పండుకోకేం!"

సాయంత్రానికి తలవైపు కొత్త కోళ్లు బిగించాడు. టేపు పెట్టి ఆరు ఇంచులు చూపించాడు. తనే మంచమెక్కి, ఎడమవైపు ఒరిగి, పాదాలు అడ్డపట్టెకు ఆనించాడు. రాజనర్సు చుట్టూ తిరిగి చూశాడు. మెడ దగ్గర చూశాడు. కాళ్ల దగ్గర చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, బస్టాండు వైపు నడిచాడు.

తెల్లవారి మంచాన్ని ట్రాలీ ఆటోలో వేయించి, భూమేశ్ కూడా ఎక్కాడు. మంచం వేసే నేల ఎత్తుపల్లాలుగా ఉంటే చేసిన కొలత అంతా చెడుతుంది. అదీగాక, చిన్నమ్మ ఆ మంచం మీద ఒరిగితే కళ్లారా చూడాలనిపించింది.

రాజనర్సు ఇంటి ముందు నలుగురైదుగురు చుట్టాలు కూర్చుని ఉన్నారు. రాజనర్సు చెప్పినట్టు మంచాన్ని వాకిట్లోనే దింపి, ఊగుతున్న కోడు కింద చిన్న చెక్కముక్క పెట్టాడు భూమేశ్. రాజనర్సు కొత్త పరుపు పరిచాడు. దుప్పటి కప్పాడు. ఒక్కటే మెత్త పెట్టాడు.

"ఇగ చిన్నమ్మను పిలువు కాకా. ఒక్కసారి ఒరిగి సూస్తది."

రాజనర్సు దుప్పటి ముడత సరిచేస్తూనే ఉన్నాడు.

శయ్యాదానం పట్టడానికి వచ్చిన అయ్యగారు ముందుకు జరిగి, పోయినామె పేరు అడిగాడు.